గుర్రప్పిల్లతో పంక్తి భోజనం

గుర్రాలంటే నాకు చిన్నప్పటినుంచీ ప్రాణమని రాయాలని ఉంది. చదవడానికి బావుంటుంది. కానీ ఇరవయ్యారేళ్లు వచ్చేదాకా నేను దగ్గరగా చూసిన గుర్రం ఒక్కటే. మా వీధిలో పెళ్లికొడుకుని మోసుకొస్తూ బ్యాండుమేళానికి బెదిరి, వంటవాళ్ల షామియానాలోకి దూరింది. అప్పుడు గుర్రం మీద జాలేసింది, పెళ్లికొడుకుని చూస్తే నవ్వొచ్చింది. మా పరిచయం అక్కడితో ఆగింది.

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఉద్యోగానికి చేరిన రెండో ఏడు నాకు నడుము పట్టేసింది. కుర్చీలోంచి లేచి ఏదో ఒకటి చెయ్యమన్నారు డాక్టరు. యోగాకి వెళ్తే అక్కడా మా ఆఫీసువాళ్లే. శవాసనంలో కూడా ప్రొడక్షన్ ఇష్యూలు మాట్లాడుకుంటున్నారు. అందుకని నలభై నిమిషాలు డ్రైవ్ చేసి, కొండల్లో ఉన్న ఒక గుర్రాల బార్న్‌లో, అంటే గుర్రపుసాలలో, శనివారం స్వారీ క్లాసుకి చేరాను. ఆరు నెలల్లో స్వారీ ఓ మోస్తరుగా, పేడ ఎత్తడం బ్రహ్మాండంగా వచ్చింది. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్లు ఇంకోచోట జీతానికి పని చెయ్యకూడదు. పేడ ఊరికే ఎత్తితే ఎవరికీ అభ్యంతరం లేదు. మా అమ్మకి మాత్రం ‘వీకెండ్ యాక్టివిటీ’ అని చెప్పాను.

ఆ బార్న్ యజమానురాలు డెబ్బై ఏళ్ల అమెరికన్ పెద్దావిడ. రెండు మోకాళ్లూ మార్పించుకుంది, అభిప్రాయాలు మాత్రం ఒక్కటీ మార్చుకోలేదు. ఆమె మాట్లాడే మాటలకన్నా బార్న్ గోడ మీది తెల్లబోర్డు మీద రాసే మాటలే ఎక్కువ.

నవంబరు చివర్లో థ్యాంక్స్‌గివింగ్ పండుగ అయిన వారానికి, గుర్రాలు కొని అమ్మే ఒకాయన ట్రెయిలర్‌లో ఒక ఆడ గుర్రప్పిల్లను తెచ్చి దించి వెళ్లాడు. రెండున్నరేళ్లది. ఇటుక రంగు. పెరుగు గిన్నెలో మూతి పెట్టినట్టు ముక్కు మీద తెల్ల మచ్చ. మొదట కనపడింది ఆ మచ్చ కాదు, పక్కటెముకలు. దూరంనుంచే లెక్కపెట్టొచ్చు. తుంటి ఎముకల మీద చలికోటు కప్పితే, కొక్కేనికి తగిలించినట్టు వేలాడింది.

పశువుల డాక్టరమ్మ వచ్చి పళ్లు చూసింది, గరుకుగా ఉన్నచోట అరగదీసింది, పురుగుల మందు వేసింది, రక్తం పరీక్షకి పంపింది. జబ్బేమీ లేదు. గుర్రాల ఒంటి పుష్టికి ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులుంటాయట. ఒకటంటే అస్థిపంజరం, తొమ్మిదంటే దుంగ. మా పిల్లకి మూడొచ్చాయి.

“జబ్బు లేకపోతే ఎందుకిలా ఉంది?” అని అడిగాను.

“తిండి మీద మనసు లేదు. వాసన చూసి వదిలేస్తుంది. పైగా చలికాలం. తిన్నదంతా ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే సరిపోతుంది” అంది డాక్టరమ్మ.

ఆమె వెళ్లాక పెద్దావిడ బోర్డు మీద ‘ఐదు’ అని రాసి లెక్క తేల్చేసింది. “దీన్ని దించినాయన మార్చి మొదట్లో మళ్లీ వస్తాడు. అప్పటికి ఐదు వస్తే ఉంచుకుంటాను. రాకపోతే ఆయన తీసుకెళ్లిపోతాడు.”

“ఎక్కడికి?”

“వేలానికి.”

“అక్కడ ఎవరో ఒకరు కొంటారు కదా?”

“ఇంత సన్నటి గుర్రాన్ని స్వారీ చేసేవాళ్లు కొనరు. మాంసం కోసం బరువు లెక్కన కొనేవాళ్లు కొంటారు.”

ఏదో జోకు వెయ్యబోయాను. రాలేదు. నాకు అలా జరగడం అరుదు.

“తిండి సంగతి నేను చూసుకుంటాను. రోజూ పొద్దున్నే వస్తాను” అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. “గుర్రాల మేత గురించి నీకేం తెలుసు?”

“ఏమీ తెలీదు. కానీ వద్దన్నవాళ్ల చేత తినిపించడంలో మా వాళ్లని మించినవాళ్లు లేరు.”

గొప్ప మాట అనేశాననుకున్నాను. రెండు వారాల్లో ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది ఆ విద్యే.

మొదటిరోజు ఓట్స్ పెట్టాను. వాసన చూసి వదిలేసింది. రెండోరోజు వాటి మీద బెల్లప్పాకంలాంటి మొలాసిస్ పోశాను. మొలాసిస్ నాకింది, ఓట్స్ వదిలేసింది. క్యారట్ తురిమాను. క్యారట్ ఏరుకుంది. యాపిల్ కోశాను. యాపిల్ తిని, ఇంకేముందన్నట్టు నా జేబు వైపు చూసింది. ఫోన్‌లో మా అమ్మకి చెప్పుకున్నాను.

“గుర్రానికి ఉలవలు పెట్టాలని చంటిపిల్లనడిగినా చెబుతుంది కదే! ఓట్సేంటి, ఒంట్లో బాగాలేనివాళ్లకి పెట్టినట్టు?”

“అమ్మా, నువ్వెప్పుడైనా గుర్రాన్ని పెంచావా?”

“పెంచితేనే తెలుస్తుందా? గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని ఊరికే అన్నారా? ముందు ఉడకబెట్టు. ఉప్పెయ్యకు.”

వారాంతంలో మన కిరాణా కొట్లుండే ఐసెలిన్ వెళ్లాను. ఓక్‌ట్రీ రోడ్డులో పార్కింగ్ దొరకడం గుర్రానికి తినిపించడంకన్నా కష్టం. రెండు ప్యాకెట్ల ఉలవలు కొన్నాను. ప్యాకెట్ మీద ఇంగ్లీషులో ‘హార్స్ గ్రామ్’ అని అచ్చేసి ఉంటుంది కాబట్టి, సాక్ష్యం కూడా చేతిలో ఉందన్న ధీమాతో పెద్దావిడకి చూపించాను.

ఆవిడ కళ్లద్దాలు పైకి తోసి చదివింది. “మీ దేశంలో గుర్రాలు ఇవి తింటాయా?”

“తినేవట. ఇప్పుడు చారు కాచుకుని మేం తింటున్నాం.”

“గుర్రాలు ఎందుకు మానేశాయి?”

అయినా మరునాడు గుగ్గిళ్లు పట్టుకెళ్లి పిడికెడు పెట్టాను. పోపు పెట్టలేదు, అంతమాత్రం వివేకం మిగిలింది. పిల్ల పైపెదవితో ఒక్కొక్క గింజనీ పక్కకి తోసి, అడుగున ఇంకేమైనా దాచానేమోనని చూసి, గట్టిగా ఊదింది. గుగ్గిళ్లన్నీ నా జాకెట్ మీద పడ్డాయి. పక్క అరలో ఇరవై నాలుగేళ్ల ముసలి గుర్రం ఒకటి ఉండేది. అది మెడ చాచి జాకెట్ మీదున్నవన్నీ శుభ్రంగా తినేసింది. మా అమ్మ అన్నదాంట్లో సగం నిజమని తేలింది.

ఆ గురువారం పొద్దున వెళ్లేసరికి పిల్ల పడుకుని ఉంది. లేస్తోంది, తిరుగుతోంది, తన కడుపు వైపు తిరిగి చూసుకుంటోంది, మళ్లీ పడుకుంటోంది. గుర్రానికి కడుపునొప్పి వస్తే ప్రాణాలు పోవచ్చని నాకు అప్పటికి తెలుసు. పెద్దావిడ డాక్టరమ్మకి ఫోన్ చేసింది. తను వచ్చేదాకా తాడు పట్టుకుని నడిపిస్తూ ఉండమందామె. గడ్డకట్టిన మంచు మీద గంటసేపు నడిపించాను. నేను రెండుసార్లు జారిపడ్డాను, పిల్ల ఒక్కసారి కూడా పడలేదు. ఎవరు ఎవర్ని నడిపించారో చూసేవాళ్లకి అర్థమై ఉండదు.

డాక్టరమ్మ వచ్చి పొట్టకి స్టెతస్కోప్ ఆనించి, మందిచ్చి, గ్యాసేనని తేల్చింది. “ఈ వారం ఏమేం తింది?” అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. నా చెవులకే అది పెళ్లి భోజనాల పట్టీలా వినపడింది. ఏడో ఐటమ్ దగ్గర పెద్దావిడ చెయ్యెత్తి ఆపేసింది.

“గుర్రం కడుపు ఒక కొత్త మేతకి అలవాటు పడాలంటే పది రోజులు పడుతుంది. నువ్వు పూటకొకటి మార్చావు.”

“ఇది నచ్చలేదేమో, అది నచ్చుతుందేమోనని…”

“వద్దంటే ఇంకా మంచిది వస్తుందని దానికి నేర్పావు. దానికి ఆకలి లేక కాదు. వెయిట్ చేస్తోంది.”

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇళ్లలో ‘వద్దు’ అనే మాటకి అర్థం వేరు. చుట్టం వద్దంటే మొహమాటమనుకుని ఇంకో గరిటె వేస్తాం. పిల్లాడు పప్పు వద్దంటే పెరుగు, పెరుగు వద్దంటే అప్పడం, అప్పడం వద్దంటే కాళ్లావేళ్లా పడి బూస్ట్. మేం అలా పెరిగినవాళ్లమే, ఎవరూ చావలేదు. కానీ మా కడుపులు వేరు. ఆ పిల్ల మొహమాటం తెలీని జీవి. వద్దంటే వద్దనే. నేను దాన్ని మర్యాద చేసి చంపబోయాను.

ఆ రోజే బోర్డు మీద కొత్త పట్టిక వెలిసింది. ఎదురుగా ఎప్పుడూ మంచి ఎండుగడ్డి. పొద్దునా సాయంత్రం ఒకే దాణా: గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టిన చక్కెరదుంపల పిప్పి, ఎదిగే గుర్రాల మేత, మీద కాస్త నూనె. నూనె మాత్రం రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం పెంచాలి. కింద పెద్ద అక్షరాలతో ‘మార్పులు లేవు’ అని రాసి, నేను బూట్లు విప్పే చోటికి ఒక బాణం గీసింది.

గుర్రం బరువు తెలుసుకోవడానికి ముందుకాళ్ల వెనక ఒంటి చుట్టూ వేసి కొలిచే టేపు ఒకటుంటుంది. రెండు వారాలకోసారి కొలిచి, ఎక్కడికొచ్చిందో దాని మీద నీలం పెన్నుతో గీత గియ్యడం నా పని. మిగతా డిసెంబరంతా పొద్దున ఐదున్నరకి లేచాను. కారు మీది మంచు గీకాను. నలభై నిమిషాలు డ్రైవ్ చేసి దాణా నానబెట్టి, ఎదురుగా నిలబడి అది ఎంత తిన్నదీ ఫోన్‌లో రాసుకున్నాను. సగం తిని వదిలేసేది. రోజూ సగమే. మొదటి గీత ఎక్కడుందో రెండో గీత సరిగ్గా దాని మీదే పడింది. జనవరి మొదట్లో చలి బాగా ముదిరి బకెట్లో నీళ్లు గడ్డకట్టాయి. గుర్రం నీళ్లు తాగకపోతే మేత కూడా తినదు. మూడో గీత అర అంగుళం వెనక్కి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాను. నా రూమ్మేట్‌ది కరీంనగర్. అదీ నాలాగే సాఫ్ట్‌వేర్. గుర్రాల వాసన తగిలితే కిటికీ తీస్తుంది, బయట మైనస్ పది ఉన్నా సరే.

“షూస్ బయట్నే ఇడువమన్నగదే! ఏమైంది, మొఖం అట్ల వెట్టినవ్? మల్ల తినలేదా నీ బిడ్డ?”

“సగం వదిలేసింది. నీళ్లు వెచ్చబెట్టే హీటర్ పెట్టాం, కోటు మార్చాం. అన్నీ కరెక్ట్‌గానే చేస్తున్నాం. అయినా సగమే.”

“అది తింటాంటే నువ్వేం జేస్తవ్?”

“ఎదురుగా నిలబడి చూస్తా. నోట్ చేసుకోవాలి కదా.”

అది నా వైపు అదోలా చూసింది. “నాకు కంచంల వెట్టి, నువ్వు ఎదురుంగ నిలవడి నోట్స్ రాస్కుంటే నేను గూడ తిననే. ఇంటర్వ్యూ అనుకుంట.”

“మరేం చెయ్యమంటావ్?”

“నువ్వు గూడ తిను. గంతే. ఒక్కదానికే వెట్టి మొఖంలకు చూస్తే ఎవరు తింటరు చెప్పు? ఇగ లే, చెయ్యి కడుక్కో, అన్నం వెడ్త.”

అన్నం తింటుంటే మా పెదనాన్న గుర్తొచ్చాడు. మా వాళ్ల పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చున్నాక, ఆఖరివాళ్లు తినడం పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఆ ఆఖరాయన ఎప్పుడూ మా పెదనాన్నే. మజ్జిగన్నంలో ఒక్కొక్క మెతుకునీ పరామర్శించి తినేవాడు. చేతులు ఎండిపోయి, వేళ్లకి మెతుకులు అట్టకట్టి, ఎనభైమంది ఆయన వంకే చూస్తూ కూర్చునేవాళ్లు. తిట్టుకునేవాళ్లు కానీ లేచేవాళ్లు కాదు. ఆయన మాత్రం కడుపునిండా తిని లేచేవాడు. ఆయన కన్నా నిదానంగా తినేవాళ్లని నేను ఇన్నేళ్లలో చూడలేదు. ఈ పిల్లని చూశాను.

మరునాడు పెద్దావిడకి పంక్తి సంగతి వివరించాను.

“ఒకవేళ అది గంట తింటే?”

“గంట కూర్చుంటాం.”

“నా మోకాళ్లకి ఈ సంగతి తెలుసా?” అంది. అయినా ముసలి గుర్రానికీ పిల్లకీ మధ్యనున్న పలకలు రెండు తీయించింది, తింటున్నప్పుడు ఒకదాని మూతి ఒకదానికి కనపడేట్టు. నేను బకెట్ బోర్లించి, ఆ రెండింటి ఎదురుగా కూర్చుని పులిహోర డబ్బా తెరిచాను. పిల్ల చెవులు ముందుకు రిక్కించింది. ముసలిది మేతలో మూతి పెట్టింది. నేను ముద్ద పెట్టుకున్నాను. పిల్ల మా ఇద్దర్నీ చూసి, తన టబ్‌లో మూతి పెట్టింది.

మొదటిరోజే టబ్ ఖాళీ అయిందని రాస్తే బావుంటుంది. కాలేదు. ముసలి గుర్రం ఐదు నిమిషాల్లో తినేసి గోడ వైపు తిరిగింది, నా పులిహోర ఆరు నిమిషాల్లో అయిపోయింది, ఏడో నిమిషంలో పిల్ల మూతెత్తేసింది. పంక్తి లేచిపోయిందనుకుంది. తప్పు దానిది కాదు.

అయితే మేం నిదానంగా తినాలి. ముసలిదాని టబ్‌లో పెద్దావిడ నున్నటి రాళ్లు పెద్దవి నాలుగు పెట్టింది. వాటి మధ్యనుంచి ఏరుకుని తినేసరికి దానికి అరగంట పట్టింది. మరి నేను? రూమ్మేటే దారి చూపించింది.

“ములక్కాడలు దీస్కపో. సాంబార్ల ఏడెనిమిది ముక్కలేస్త. నమిలి, పీల్చి, పిప్పి ఊంచుడు అయ్యేవరకు గుర్రం ముసల్దైతది.”

అలా జనవరి సగంనుంచి రోజూ పొద్దున ఆరున్నరకి, న్యూజెర్సీ కొండల్లో, ఫ్లాస్కులో వేడి సాంబారుతో, చేతిలో ములక్కాడతో నేను గుర్రాల పంక్తిలో కూర్చున్నాను. ఒక చేతికే గ్లవ్. రెండో చెయ్యి చలికి కొంకర్లు పోయేది. పిల్ల ఆగితే నేను ఆగేదాన్ని కాదు, ఇంకో ముక్క తీసుకునేదాన్ని. అది ఒక కన్నుతో నన్ను చూసేది. నేను ఇంకా నములుతూ ఉండేదాన్ని. అది మళ్లీ మూతి పెట్టేది. దాని టబ్ అడుగు కనపడ్డాకే లేచేదాన్ని. ఒకరోజు ఆఫీసు మీటింగ్ ముందుకు జరిగితే బార్న్‌లోంచే చేరాను. మ్యూట్ మరిచిపోయాను. “ఎవరో చిప్స్ తింటున్నారు, కాస్త మ్యూట్ చేసుకోండి” అన్నాడు మేనేజర్. నేను చేసుకోలేదు. మ్యూట్ కోసం చెయ్యి తుడుచుకుంటే పిల్ల మూతెత్తేస్తుంది. ఆ రోజు మా టీమంతా గుర్రం నమలడం విన్నారు. ప్రాజెక్ట్ అప్‌డేట్లకన్నా అదే కాస్త ముందుకు కదిలింది.

నాలుగో గీత, మొదటి గీతకి అర అంగుళం అవతల పడింది. ఐదోది ఇంకో అంగుళం దాటింది. ఫిబ్రవరిలో పెద్ద మంచు తుఫాను వచ్చి రోడ్లు మూసేశారు. పొద్దున ఏడున్నరకి పెద్దావిడ మెసేజ్ వచ్చింది: ‘నేను కూర్చున్నాను. ముప్పై ఎనిమిది నిమిషాలు. నడుము పోయింది. టబ్ ఖాళీ.’ ఆ తర్వాతనుంచి సాయంత్రం మేతకి ఆవిడే శాండ్‌విచ్ పట్టుకుని కూర్చునేది. నేనడగలేదు. ఆవిడ బోర్డు మీద కూడా రాయలేదు.

మార్చి మొదటి శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. మెడ నొక్కింది, పక్కటెముకల మీద వేళ్లు ఆడించింది, తోక దగ్గర తడిమింది. పిల్ల ఆమె టోపీ తినబోయింది.

“నాలుగున్నర” అంది డాక్టరమ్మ.

సప్లిమెంటరీ రాసి అరమార్కులో పోయినట్టు నిలబడ్డాను. పెద్దావిడ బోర్డు వైపు చూసింది. ‘ఐదు’ అని ఆవిడే రాసింది, ఇంకా అలాగే ఉంది. ఏం చేస్తావని నేను అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది కదా.

శనివారం ఆరున్నరకి మామూలుగానే పంక్తి మొదలైంది. ఆ రోజు పెద్దావిడ కూడా ఎగ్ శాండ్‌విచ్‌తో వచ్చి నా పక్కన ఇంకో బకెట్ బోర్లించుకుంది. నేనున్నప్పుడు పొద్దున పూట ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు. పావుగంటకి బయట ట్రెయిలర్ చప్పుడైంది. ఆ గుర్రాల వ్యాపారి తాడు పట్టుకుని తలుపు దగ్గరికొచ్చాడు. బకెట్ల మీద మా ఇద్దర్నీ, నేల మీద ములక్కాడల పిప్పి కుప్పనీ చూసి ఆగిపోయాడు.

“ఎక్కించెయ్యమంటావా?” అనడిగాడు.

పెద్దావిడ తలెత్తలేదు. “అది తింటోంది. తినడం పూర్తయ్యేదాకా ఇక్కడ ఎవరూ లేవరు.”

“ఎంతసేపు పడుతుంది?”

ఆవిడ శాండ్‌విచ్ ఇంకో ముక్క కొరికి, తీరిగ్గా నమిలింది. నిదానంగా తినడం మా పెదనాన్న దగ్గర నేర్చుకున్నట్టే ఉంది.

“జూన్ దాకా పట్టొచ్చు” అంది. “నువ్వు వెళ్లు. అమ్మకం కాగితాలు మెయిల్ చెయ్యి.”

పిల్ల మూతెత్తి ఆయన్ని చూసి, తుమ్మింది. చక్కెరదుంపల పిప్పి ఆయన జాకెట్ నిండా పడింది. తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఖాళీ ట్రెయిలర్ దడదడలాడుతూ మలుపు తిరిగింది.

నాకు ఏదైనా అనాలనిపించింది. “బోర్డు మీద ఐదని ఉంది కదా” అన్నాను. అంతకన్నా తెలివైన మాట దొరకలేదు.

“ఉంది. జూన్‌కి తెస్తావు” అంది ఆవిడ.

నా చెయ్యి ఎండిపోయింది. వేళ్లకి సాంబారు అట్టకట్టింది. కడుక్కుందామని లేవబోయాను. పిల్ల ఇంకా టబ్ అడుగు నాకుతోంది. మళ్లీ కూర్చున్నాను.